కావలి కన్నుకు కరెంటు

పూర్వం ఊరికి తలారి కాపలా ఉండేవాడు. రాత్రివేళ చేతికర్రను నేలకు తాటిస్తూ వీధుల వెంట తిరిగేవాడు. పంట చేతికి వచ్చే వేళ రైతులు చేలో మంచె కట్టి కాపలా కాసేవారు. నేడు ఆ పనిలో కొంత భాగాన్ని ఒక చిన్న యంత్రం చేస్తున్నది. బ్యాంకు వాకిట్లో, బస్టాండులో, బంగారు అంగడిలో, బడి గేటు పక్కన అది మనకు కనిపిస్తుంది. దానినే సీసీ కెమెరా అంటున్నాము. ఇది కునుకు తీయదు. చూసినదానిని దాచిపెట్టి, అడిగినప్పుడు చూపిస్తుంది. అయితే దీనికీ ఆహారం కావాలి. ఆ ఆహారమే విద్యుత్తు. దానిని ప్రమాదం లేకుండా, చాలినంతగా అందించడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సీసీ అంటే క్లోజ్‌డ్ సర్క్యూట్, అనగా మూసిన వలయం. టెలివిజన్ కేంద్రం తన దృశ్యాలను అందరికీ ప్రసారం చేస్తుంది. ఈ కెమెరా అలా చేయదు. తనతో కలిపిన తెరలకు, నిల్వపెట్టెకు మాత్రమే దృశ్యాలను పంపుతుంది. 1942లో జర్మనీలోని పీనెముండె అనే చోట రాకెట్ల ప్రయోగాన్ని దూరంగా, సురక్షితంగా కూర్చుని చూడటానికి ఇటువంటి ఏర్పాటు చేశారు. వాల్టర్ బ్రూహ్ అనే ఇంజనీరు దానిని రూపొందించాడు. అంటే మనిషి వెళ్లరాని ప్రమాదకర స్థలాన్ని చూడటానికే ఈ కన్ను పుట్టింది. తరువాత అది ప్రజల భద్రతకు పనికివచ్చింది. జనం గుమిగూడే చోట్ల కెమెరాలు ఉండాలని ఆంధ్రప్రదేశ్ 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేశాయి. దేశంలోని అన్ని పోలీసు స్టేషన్లలో కెమెరాలు అమర్చాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది.

మన సండూరు సంగతి చూద్దాం. చుట్టూ కొండలు, ఆ కొండల నిండా ఇనుము, మాంగనీసు ఖనిజాలు. దోణిమలై గనులు, దేవగిరి గనులు మీరు ఎరిగినవే. ఖనిజపు తవ్వకాలలో అక్రమాలు జరిగాయని తేలడంతో బళ్లారి జిల్లాలో గనుల పనిని సుప్రీంకోర్టు 2011 జులైలో నిలిపివేసింది. 2013లో కొన్ని గనుల అనుమతులను రద్దు చేసి, మిగిలినవాటికి షరతులతో దారి ఇచ్చింది. ఇటువంటి చోట ఖనిజం తూచే వేబ్రిడ్జి దగ్గర ఉండే కెమెరా ఒక సాక్షి వంటిది. పగలంతా చూసి, రాత్రి కాగానే కన్ను మూసే సాక్షి ఎవరికి ఉపయోగం? విచిత్రమేమిటంటే, తీగ అమర్చడంలో తెలియక చేసిన చిన్న లోపం వల్ల చాలా కెమెరాలు సరిగ్గా ఇలాగే రాత్రిపూట ఆగిపోతుంటాయి. దాని కారణం మనం ముందు ముందు లెక్క వేసి తెలుసుకుందాం.

మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులది. ఇది ఏకాంతర విద్యుత్తు. అంటే సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. సాధారణ సీసీ కెమెరాకు కావలసినది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఇది ఎప్పుడూ ఒకే దిశలో ప్రవహిస్తుంది. కొండవాగు వంటి 230 వోల్టులను పిల్లకాలువ వంటి 12 వోల్టులుగా మార్చే పనిముట్టును అడాప్టరు అంటారు. ఒకే పెట్టె నుండి అనేక కెమెరాలకు విద్యుత్తు ఇచ్చే పెద్ద అడాప్టరును బజారులో ఎస్.ఎమ్.పి.ఎస్. అని పిలుస్తారు.

అడాప్టరు లోపల జరిగే పని ఆసక్తికరమైనది. మొదట 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు ఏకముఖ విద్యుత్తుగా మారుతుంది. తరువాత ఒక అర్ధవాహక స్విచ్చి దానిని సెకనుకు వేలాది సార్లు ఆపుతూ, వదులుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరులోని రెండు తీగచుట్టలకు నడుమ తీగ సంబంధం ఏమీ లేదు. మొదటి చుట్టలో పుట్టిన అయస్కాంత ప్రభావం రెండవ చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తును మళ్లీ ఏకముఖంగా మార్చి 12 వోల్టులుగా బయటికి పంపుతారు. రెండు చుట్టల నడుమ ఉన్న ఈ ఎడబాటే మన ప్రాణానికి రక్ష. నాసిరకం అడాప్టరులో ఈ ఎడబాటును సరిగా పాటించరు. ఆ అడ్డుగోడ కూలిందంటే, 12 వోల్టులదే కదా అని మనం పట్టుకున్న తీగలోకి 230 వోల్టులు వచ్చి చేరతాయి. అందువల్ల భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు ఉన్న అడాప్టరునే కొనాలి. నాలుగు రూపాయలు మిగిలాయని సంతోషించే చోటు ఇది కాదు.

విద్యుత్తు మనిషిని ఎలా బాధిస్తుంది? దీనికి ఓమ్ నియమం సమాధానం చెబుతుంది. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. తడిసిన చేతులున్నప్పుడు మన శరీర నిరోధం సుమారు 1000 ఓములకు పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టుల తీగ తగిలితే 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం శరీరం గుండా పోతుంది. 30 మిల్లీ ఆంపియర్లు దాటిన ప్రవాహమే ప్రాణాపాయం కలిగించగలదు. కనుకనే ప్రాణరక్షణకు వాడే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచివేసేటట్లు తయారవుతుంది. 12 వోల్టుల తీగను పొడి చేతితో తాకితే సామాన్యంగా ఏమీ తెలియదు. కెమెరాలకు తక్కువ వోల్టేజిని ఎంచుకోవడంలో ఉన్న మేలు ఇదే.

అయితే చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని సామెత. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టకపోవచ్చు, కాని ఇంటికి నిప్పు పెట్టగలవు. ధన, రుణ తీగలు ఒకదానికొకటి తగిలితే షార్టు సర్క్యూటు ఏర్పడుతుంది. నిరోధం దాదాపు లేనందున ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. పల్చని తీగ కాగి, పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరిగి మంట పుడుతుంది. కరెంటు పోయినప్పుడు వాడే 12 వోల్టుల బ్యాటరీ విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. దాని రెండు ధ్రువాల మీద స్పానరు పడితే వందల ఆంపియర్ల ప్రవాహం పుట్టి ఆ స్పానరు ఎర్రగా కాలిపోగలదు. అందుచేత బ్యాటరీకి ఆనుకొనే ఒక ఫ్యూజు, ప్రతి కెమెరా తీగకు విడిగా ఒక చిన్న ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు తాను కాలి ఇంటిని కాపాడుతుంది. మాటిమాటికీ కాలుతున్నదని దాని స్థానంలో లావు తీగ చుట్టడం కాపలావాణ్ణి కట్టివేసి దొంగకు తలుపు తీసినట్టే.

ఇప్పుడు అడాప్టరును ఎంచుకోవడం చూద్దాం. ఒక బడిలో నాలుగు కెమెరాలు పెట్టదలచారనుకుందాం. ఒక్కొక్కటి రాత్రిపూట 0.5 ఆంపియరు తీసుకుంటుంది. నాలుగింటికీ కలిపి 2 ఆంపియర్లు. యంత్రాన్ని ఎప్పుడూ దాని శక్తి చివరి అంచున పనిచేయించరాదు. కనుక నాలుగో వంతు అదనంగా కలిపితే 2.5 ఆంపియర్లు అవుతుంది. 12 వోల్టులు, 3 ఆంపియర్లది గాని, 5 ఆంపియర్లది గాని సరిపోతుంది. 5 ఆంపియర్లది పెడితే ఎక్కువ కరెంటు దూరి కెమెరా కాలిపోదా అని కొందరు భయపడతారు. అలా జరగదు. బావి ఎంత పెద్దదైనా బిందె తనకు పట్టినంత నీరే తీసుకుంటుంది. కెమెరా కూడా తనకు కావలసిన ప్రవాహాన్నే తీసుకుంటుంది. వోల్టేజి విషయం వేరు. 12 వోల్టుల కెమెరాకు 24 వోల్టులు ఇస్తే అది కాలిపోతుంది. కాబట్టి ఆంపియర్లు ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, వోల్టులు మాత్రం సరిగ్గా ఉండాలి.

ఇక ధ్రువాల సంగతి. ఏకముఖ విద్యుత్తులో ధన ధ్రువం, రుణ ధ్రువం అని రెండు ఉంటాయి. ఎర్ర తీగను ధనానికి, నల్ల తీగను రుణానికి వాడటం వాడుక. గుండ్రని కెమెరా పిన్నులో సాధారణంగా నడుమ భాగం ధనం, చుట్టూ ఉన్న భాగం రుణం. వీటిని తారుమారు చేస్తే కొన్ని కెమెరాలు పనిచేయకుండా ఊరుకుంటాయి, కొన్ని శాశ్వతంగా పాడైపోతాయి. రంగును చూసి నమ్మక, మల్టీమీటరుతో కొలిచి నమ్మాలి. దాని ఎర్ర కడ్డీని ధనమనుకున్న తీగకు, నల్ల కడ్డీని రెండవ తీగకు తాకించినప్పుడు అంకెకు ముందు రుణ గుర్తు కనిపిస్తే తీగలు తారుమారైనట్లు తెలుసుకోవాలి.

ఇప్పుడు రాత్రిపూట కన్నుమూసే కెమెరా రహస్యాన్ని విప్పుదాం. తుంగభద్ర కాలువలు మన ప్రాంతపు పొలాలకు నీరిస్తాయని మీకు తెలుసు. తూముకు దగ్గరి మడికి నీరు నిండుగా అందుతుంది. కాలువ చివరి మడికి వచ్చేసరికి నీరు పలుచబడుతుంది. తీగలో వోల్టేజి కూడా అంతే. ప్రతి తీగకూ కొంత నిరోధం ఉంటుంది. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, లావు పెరిగితే తగ్గుతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.035 ఓము నిరోధం ఉంటుంది. కెమెరా 60 మీటర్ల దూరంలో ఉన్నదనుకోండి. విద్యుత్తు ఒక తీగలో వెళ్లి మరొక తీగలో తిరిగి రావాలి. కనుక మొత్తం తీగ 120 మీటర్లు. దాని నిరోధం 4.2 ఓములు.

పగటివేళ ఆ కెమెరా 0.25 ఆంపియరు తీసుకుంటుంది. 4.2 ఓములను 0.25తో గుణిస్తే 1.05 వోల్టులు. అంత వోల్టేజి దారిలోనే ఖర్చయి, కెమెరాకు 10.95 వోల్టులు అందుతాయి. చాలా కెమెరాలు 12 వోల్టులకు పదిశాతం అటూ ఇటూ తట్టుకుంటాయి. అంటే 10.8 వోల్టుల వరకు పనిచేస్తాయి. కనుక పగలు బొమ్మ చక్కగా కనిపిస్తుంది. చీకటి పడగానే కెమెరా తన చుట్టూ ఉన్న పరారుణ దీపాలను వెలిగిస్తుంది. ఆ వెలుగు మన కంటికి కనబడదు, కాని కెమెరాకు కనబడుతుంది. అప్పుడు ప్రవాహం 0.5 ఆంపియరుకు పెరుగుతుంది. దారిలో ఖర్చు 2.1 వోల్టులు. కెమెరాకు మిగిలేది 9.9 వోల్టులు మాత్రమే. అది చాలక కెమెరా ఆగుతుంది. ఆగగానే దీపాలు ఆరి వోల్టేజి తిరిగి పెరుగుతుంది. కెమెరా మేలుకుని దీపాలు వెలిగించి మళ్లీ ఆగుతుంది. తెల్లవార్లూ ఇదే తంతు. ఉదయం వచ్చి చూసినవారికి కెమెరా బాగానే కనిపిస్తుంది. దోషం కెమెరాది కాదు, తీగది.

దీనికి మూడు ఉపాయాలున్నాయి. మొదటిది లావు తీగ వేయడం. అదే దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే నిరోధం మూడో వంతుకు, అనగా 1.4 ఓములకు తగ్గుతుంది. రాత్రివేళ కూడా కెమెరాకు 11.3 వోల్టులు అందుతాయి. తీగ కొనేటప్పుడు అది నిజమైన రాగిదో, పైన రాగి పూసిన అల్యూమినియందో చూసుకోవాలి. రెండవదానికి నిరోధం బాగా ఎక్కువ. రెండవ ఉపాయం, అడాప్టరునే కెమెరాకు దగ్గరగా, వాన తగలని పెట్టెలో అమర్చడం. అయితే అక్కడివరకు 230 వోల్టుల లైను వెళ్తుంది కనుక ఆ పని ఎలక్ట్రీషియనే చేయాలి. మూడవది ఎక్కువ వోల్టేజితో పంపడం. కంప్యూటరు నెట్‌వర్కు తీగ ద్వారానే విద్యుత్తును కూడా అందించే పద్ధతికి 2003లో ప్రమాణం ఏర్పడింది. అందులో సుమారు 48 వోల్టులు వాడతారు. 6 వాట్ల కెమెరాకు 12 వోల్టుల వద్ద 0.5 ఆంపియరు కావాలి. 48 వోల్టుల వద్ద 0.125 ఆంపియరు చాలు. ప్రవాహం నాలుగో వంతైతే, అదే తీగలో వేడిగా పోయే శక్తి పదహారో వంతు అవుతుంది. మన జిల్లాలోని కుడితిని విద్యుత్కేంద్రం నుండి విద్యుత్తును ఎత్తయిన టవర్ల మీద చాలా ఎక్కువ వోల్టేజితో పంపేది కూడా ఈ కారణం చేతనే.

తీగలు కలిపే పనికి ఒక వరుస ఉన్నది. ముందు కాగితం మీద పటం గీసుకోవాలి. కెమెరాలు ఎక్కడ, అడాప్టరు ఎక్కడ, దూరమెంత అన్నది రాసుకోవాలి. తరువాత మెయిను స్విచ్చి ఆపి, పని పూర్తయ్యేవరకు ఎవరూ వేయకుండా ఒక మనిషిని అక్కడ నిలపాలి. విద్యుత్తు లేదని టెస్టరుతో సరిచూసుకోవాలి. 230 వోల్టుల వైపు పని అనుమతి పొందిన ఎలక్ట్రీషియనుదే. ఫేజు, న్యూట్రల్, ఎర్తు తీగలను అతడు వాటి వాటి స్థానాలలో బిగించి, మరలు చేతికి తగలకుండా మూత వేస్తాడు. లోహపు పెట్టె గల ఎస్.ఎమ్.పి.ఎస్.కు ఎర్తు తప్పనిసరి. లోపల ఫేజు తీగ ఊడి పెట్టెకు తగిలితే, ఎర్తు తీగ ఆ విద్యుత్తును భూమిలోకి దించుతుంది. ఎర్తు లేని పెట్టెను ముట్టుకుంటే మన శరీరమే ఆ దారి అవుతుంది.

ఆ తరువాత కెమెరాలను కలపక ముందే సరఫరా ఇచ్చి, బయటికి 12 వోల్టులు వస్తున్నవో లేదో కొలవాలి. మళ్లీ సరఫరా ఆపి, కెమెరాలను కలిపి, ఒక్కొక్కదాన్నే పనిచేయించి చూడాలి. తీగల కొసలను మెలిపెట్టి టేపు చుట్టి వదలరాదు. మర కనెక్టరు గాని, టంకం గాని వాడాలి. వదులైన అతుకు వేడెక్కుతుంది, వేడి నిప్పుకు దారి తీస్తుంది. 230 వోల్టుల తీగలను, కెమెరా తీగలను ఒకే గొట్టంలో దూర్చరాదు. ఒకదాని తొడుగు దెబ్బతింటే రెండవది ప్రమాదకరం అవుతుంది. చివరగా, చీకటి పడ్డాక కెమెరా దగ్గర వోల్టేజిని ఇంకొకసారి కొలవాలి. ఆ పరీక్షలో నెగ్గినప్పుడే పని పూర్తయినట్లు.

ఆరుబయట పెట్టే కెమెరాకు వాన, ధూళి, పిడుగు అనే ముగ్గురు శత్రువులు. మన సండూరులో ఖనిజపు లారీలు లేపే ఎర్ర ధూళి అన్ని సందులలోనూ దూరుతుంది. తడితో కలిసిన ధూళి అతుకుల మీద పేరుకుంటే విద్యుత్తు లీకవుతుంది. అడాప్టరు గాలి రంధ్రాలను పూడ్చితే అది వేడెక్కుతుంది. అందుకే అతుకులన్నీ మూసిన పెట్టెలో ఉండాలి. ఐ.పి. 66 అని రాసి ఉన్న పెట్టె ధూళిని చొరనీయదు, బలమైన నీటిధారను తట్టుకుంటుంది. తీగ పెట్టెలోకి ప్రవేశించే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. అప్పుడు వాననీరు ఆ వంపు దగ్గరే బొట్లు బొట్లుగా రాలిపోతుంది. ఇనుప స్తంభానికి ఎర్తు, తీగకు సర్జ్ ప్రొటెక్టరు ఉండాలి. ఉరుములు ఉరిమే వేళ మిద్దె మీదికి ఎక్కి కెమెరాను సరిచేయబోవడం ప్రాణంతో చెలగాటమాడటమే.

ఎవరికైనా విద్యుత్తు తగిలి పట్టుకుంటే, జాలిపడి చేయిపట్టి లాగవద్దు. మీరూ చిక్కుకుంటారు. మొదట మెయిను స్విచ్చి ఆపండి. అది అందుబాటులో లేకపోతే పొడిగా ఉన్న చెక్కబల్ల మీద నిలబడి, పొడి కర్రతో తీగను పక్కకు నెట్టండి. వెంటనే 112కు ఫోను చేసి, పెద్దలను పిలవండి. ఈ సూచన ఇళ్లలోని తీగలకే వర్తిస్తుంది. స్తంభాల మీది పెద్ద లైన్లు తెగిపడితే దగ్గరికే వెళ్లరాదు. స్తంభాల మీద పుర్రె బొమ్మతో కన్నడంలో 'అపాయ' అని రాసి ఉండటం మీరు చూసి ఉంటారు. తెలుగులో 'అపాయం' అంటాము. మాట కొసలో ఒక్క సున్నా తేడా. హెచ్చరిక మాత్రం ఒకటే.

మరొక సంగతి. కెమెరాకు భద్రమైన తీగ ఎంత అవసరమో, తగిన చోటు కూడా అంతే అవసరం. తన ఏకాంతాన్ని కాపాడుకోవడం ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన ఆ తీర్పుకు కారణమైన దావా వేసినవారు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన కె.ఎస్. పుట్టస్వామి. కనుక కెమెరా గేటును చూడాలి, దారిని చూడాలి, తూకాన్ని చూడాలి. పొరుగువారి కిటికీలోకి, స్నానాల గదివైపు అది తొంగిచూడరాదు.

విద్యుత్తు మంచి సేవకుడు, దాని నియమాలు పాటించినంతవరకు. అందుకే కావలి కన్నుకు కరెంటు ఇచ్చేవారు సరైన అడాప్టరు, తగినంత లావు తీగ, గట్టి అతుకు, ఫ్యూజు, ఎర్తు అనే ఐదింటిని మరువరాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదు. ఈసారి మీ బడిలోగాని, మీ వీధిలోగాని కెమెరా కనిపిస్తే దానినే చూసి ఊరుకోకండి. దాని వెనుక నుండి వచ్చే తీగ ఎక్కడికి పోతున్నది, అతుకు పెట్టెలో ఉన్నదా, గాలికి వేలాడుతున్నదా గమనించండి. లోపం కనబడితే ముట్టుకోక, ఉపాధ్యాయులకు చెప్పండి.